మట్టికి రసీదు

మే నెల. రాత్రి పదకొండు.
ఏటుకూరు రోడ్డు తారు ఇంకా చెప్పుకి అంటుకుంటూనే ఉంది.
మా కోల్డ్ స్టోరేజీ గేటు ముందు ఆటో ఆగింది.
ఒళ్ళో థర్మాకోల్ పెట్టె, దాని చుట్టూ రెండు చేతులు,
హెప్సిబా మేడం.
పోయినేడు బూజు పట్టిన మిరప బస్తాల్లో
దూదిపుల్లలు గుచ్చి పట్టుకెళ్ళిన మనిషే.
"కాలేజీలో ఫ్రీజర్ చచ్చిపోయింది బాజీ,
ఈ ఒక్క రాత్రికీ చోటివ్వు."

ఏముందమ్మా అందులో?
మట్టి, అంది.

ఇరవై రెండేళ్ళుగా కంప్రెసర్ పక్కనే నా మంచం.
తేజాలు చూశాను, బ్యాడిగిలు చూశాను,
ధర కోసం రెండేళ్ళు చీకట్లో కూర్చున్న
మూడొందల ముప్పై నాలుగుల్ని చూశాను,
ఒకసారి ఎవరి పెళ్ళివో, ఆగిపోయిన పెళ్ళివి, మల్లెపూల బుట్టలు కూడా.
మట్టిని చల్లగా దాచమని అడిగినవాళ్ళు లేరు.

"ఇక్కడ నాలుగు డిగ్రీలే తల్లీ, మిరపకాయకి అది చాలు."
"దీనికి సున్నా కింద ఇరవై కావాలి.
తెల్లారేసరికి లేచిపోతాయి."

ఏవి లేస్తాయో మోపెడ్ మీద చెప్పింది,
కొత్తపేట ఐస్‌క్రీం గోడౌన్ దాకా, నా వీపు వెనక, ఆగకుండా.
సైబీరియా మట్టట.
ముప్పై వేల ఏళ్ళ కిందటి గడ్డివేళ్ళు
పచ్చిగా, నమలకుండా, అలాగే ఉన్నాయట.
నమలాల్సినవాళ్ళు పక్కనే ఉన్నారు,
కంటికి ఆననంత చిన్నవాళ్ళు, చెంచాడు మట్టిలో కోట్ల మంది,
విస్తరి ముందు కూర్చుని
చెయ్యి కడిగేలోపు గడ్డకట్టిన బంతి.
ఇప్పుడక్కడ నేల కరుగుతోంది.
తింటున్నారు. తిన్నవాళ్ళు ఊపిరి వదులుతారు కదా,
ఆ ఊపిరికి ఆకాశం ఇంకాస్త ఉడుకుతుంది,
ఉడికితే ఇంకో బంతి లేస్తుంది.

"పులిసిన పిండి మూత తోసినట్టా?" అన్నాను.
కాసేపు మాట్లాడలేదు.
"పిండైతే మనం అట్లు పోసుకుంటాం బాజీ."

గోడౌన్‌లో సీతాఫలం డబ్బాల మధ్య చోటు దొరికింది.
పెట్టె విప్పితే ఒక గొట్టం అప్పటికే పగిలింది,
నల్లగా నీరు కారుతోంది.
వాసన చూశాను, చూడొద్దంటున్నా వినకుండా.
కొత్త వాసన కాదు.
మా అమ్మ నాట్ల నుంచి వచ్చి
గడపవతల కాళ్ళు కడుక్కునేటప్పటి వాసన,
మోకాలిలోతు మడిలో అడుగేస్తే
బుడగ లేచి చిట్లినప్పటి వాసన.
"ఆ బుడగలూ వీళ్ళ చుట్టాలవే" అంది మేడం.
ఆ గొట్టాన్ని పెట్టెలో పెట్టలేదు.
జేబురుమాల్లో చుట్టి పట్టుకుంది, ఎందుకో.

తిరిగొచ్చేసరికి రెండైంది.
లోపల నాలుగు పాయింట్ రెండు.
గోడవతల ఫ్యాన్లు వేడిని వీధిలోకి తోస్తున్నాయి,
ఆ వేడిలో కుక్క కూడా పడుకోదు.
ఇరవై రెండేళ్ళూ నేను చలి తయారు చేస్తున్నాననే అనుకున్నాను.
ఇక్కడి వేడిని గోడ దాటిస్తున్నానంతే.
మీటరు తిరుగుతోంది,
ఎక్కడో ఇబ్రహీంపట్నంలో బొగ్గు మండుతోంది,
ఆ పొగ ఏ దారిన పోయి
ఏ మంచు తలుపు తడుతుందో.
ఆపేద్దామంటే,
లోపల లక్ష బస్తాలున్నాయి, ఒక్కోదాని వెనకా ఒక అప్పు.

రిజిస్టరు తీశాను.
ఉంచింది మా దగ్గర కాకపోయినా
అలవాటు ఊరుకోనివ్వదు.
సరుకు: మట్టి. పెట్టె: ఒకటి.
యజమాని గడి దగ్గర పెన్ను ఆగింది.
రైతులు రేటు పెరిగితే వస్తారు,
రసీదు చూపించి, అద్దె కట్టి, బస్తాలు విడిపించుకుంటారు.
వీళ్ళకి రసీదు అక్కర్లేదు. అద్దె లేదు.
వేడి పెరిగితే చాలు,
వాళ్ళ సరుకు వాళ్ళే విడిపించుకుంటారు.

గడి ఖాళీగానే వదిలేశాను.
మూడింటికి మళ్ళీ చూడాలి.
నాలుగు పాయింట్ అయిదు.