దుమ్ము రంగు

కారు ఇంటికొచ్చి నాలుగు రోజులు.
సీట్ల మీద కంపెనీ వాడి పాలితీన్ కవరు అట్నే ఉంది.
కూర్చుంటే కరకరమంటది,
లేస్తే చీరెతో పాటు లేస్తది.
మా అత్త అంకమ్మ ఎక్కినప్పుడల్లా
చెప్పులు విప్పి చేత పట్టుకుంటా ఉంది.

ఒంగోల్లో కర్నూలు రోడ్డు మీద
సీటు కవర్ల కొట్టుకి పోయినాం.
గోడ నిండా తోళ్ళు వేలాడతన్నయ్,
ఒక్కదానికీ జంతువు లేదు.

జిలానీ అనే కుర్రాడు
ఇటుకంత లావు గుడ్డముక్కల పుస్తకం తెరిచాడు.
"లేత గోధుమ రంగు డాక్టర్లు ఏయించుకుంటారమ్మా,
ఎర్రంచు నలుపు కుర్రోళ్ళకి,
ఈ గళ్ళది ట్యాక్సీలకి.
ఎవరెవరు కూర్చుంటారో చెప్పండి,
ఏది కావాలో నేను చెబ్తా."

ఎవరు కూర్చుంటారు?
స్టీరింగు దగ్గర మా ఆయన మాలకొండయ్య,
చీమకుర్తి పాలిషింగు ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు.
పక్కన నేను, ఒళ్ళో ఎవరివో జాకెట్లు.
వెనక అత్త, ఆమె వక్కాకు సంచి.
పిల్ల, మూతల్లేని దాని పెన్నులు.
ఒక్కోసారి పొగాకు గ్రేడింగుకు పోయొచ్చే మా చిన్నమ్మ,
ఆమె చేతుల జిగట.

నేను కవరు తిరగేశాను.
పదిహేడేళ్ళుగా మిషను తొక్కేదాన్ని,
ఏ గుడ్డనీ ముందు పైనుంచి చూడను.
అంగుళానికి ఐదే కుట్లు.
మూల మీద దారం ముడెయ్యకుండా వదిలేశారు.
"ఇది ఎండాకాలం దాటదు నాయనా" అన్నాను.

వెనక గదిలో మిషను చప్పుడు ఆగింది.
కళ్ళద్దాల మీంచి ఒక ముసలాయన చూశాడు.
ఏమీ అనలేదు.
లోపల్నించి ఇంకో కట్ట తెచ్చి నా ముందేశాడు.
ఎనిమిది కుట్లు, నైలాను దారం.
ఎనిమిది వేల ఆరొందలు.
నా లెక్కలో నలభై మూడు లైనింగు జాకెట్లు.

"ఏ ఊరు?" అన్నాడు జిలానీ.
చెప్పాం.
"చీమకుర్తా! అయితే ఇంకేం చూడబాకండి, ఇదే"
అని బూడిద రంగు ముక్క మీద వేలు పెట్టాడు.
"దుమ్ము రంగు.
ఎంత పడ్డా పడ్డట్టే ఉండదు.
మీ ఊరి బళ్ళన్నిటికీ ఇదే."

మా ఆయన సరేనని తలూపాడు.
ఊపి, దగ్గాడు.
జిలానీ పుస్తకం మూసి మళ్ళీ తెరిచిందాకా దగ్గాడు.

కనపడని దుమ్ము సంగతి నాకు తెలుసు.
ఆయన చొక్కా నానబెట్టిన నీళ్ళు గంటసేపు నిలిస్తే
బక్కెట్టు అడుగున పిండిలా పేరేది.
పారబోసి, బక్కెట్టు కడిగి బోర్లించేదాన్ని. అంతే.
పోయినేడు డాక్టరు ఫిలిం ఎత్తి లైటుకి పెట్టినప్పుడు
నల్లటి నలుపు, అందులో చుక్కలు.
అచ్చం ఆయన సానబట్టిన పలకే,
ఎవరింట్లోనో గ్యాస్ పొయ్యి కింద పరిచే రకం.
"ఎన్నాళ్ళనించి?" అన్నాడు డాక్టరు.
నేను ఆయన మొహం చూశాను, ఆయన నా మొహం చూశాడు.

లారీల వెనక మోటారుసైకిలు ఇంక ఒద్దన్నారు.
ఫ్యాక్టరీ వాళ్ళు కాటా దగ్గర కూర్చోబెట్టారు.
చీటీ పాడి కారు కొన్నాం.

"నలుపియ్యి" అన్నాను.
"ఎర్రంచు ఒద్దు. ఒట్టి నలుపు."
"నలుపు మీద మీ ఊరి దుమ్ము కొట్టొచ్చినట్టు కనపడద్దమ్మా!"
"కనపడాల."
ముసలాయన టేపు మెళ్ళో ఏసుకుని కారు దగ్గరికి నడిచాడు.

మూడో రోజు సాయంత్రం ఆయన దిగి లోపలికి పోయాక
తడిగుడ్డ పట్టుకుని తలుపు తీశాను.
సీటు మీద తెల్లగా ఆయన వీపు.
రెండు రెక్కలు, మధ్యలో వెన్ను దగ్గర సన్నటి నల్లగీత.

ఆయన చొక్కాలు నేనే కుడతా,
భుజం పదిహేడున్నర.
ఇది పదహారు దాటదు.

గుడ్డ చేతిలో ఉంది.
వెనక అత్త, చెప్పులు పట్టుకుని,
"తుడిచినావా అమ్మాయ్" అంటా ఉంది.