మూడు యూరోల టికెట్టు

"ఇంత వానలో ఇక్కడ ఏం చేస్తారండీ?" అని అడిగారు
సరగోసా నుంచి వచ్చిన భార్యాభర్తలు,
ఆకాశం నాదే అయినట్టు, తప్పు నాదే అయినట్టు.

ముందు కాఫీ తాగండి.
ఇది తెల్లారితే పోయే ముసురు కాదు.
మా గలీసియా వాన పైనుంచి పడదు,
సముద్రం వైపు నుంచి నడిచొస్తుంది.
గొడుగు ఇక్కడ చేతికి అలంకారం, అంతే.

బూట్లు విప్పి ఇటివ్వండి.
పాత పేపర్లు కుక్కి పొయ్యి పక్కన పెడతాను.
మధ్యాహ్నానికి ఎన్నికల వార్తలన్నీ
నీళ్ళు తాగి ఉబ్బుతాయి.
అంతకన్నా పనికొచ్చిన పేపరు నేనెరగను.

బాబుకి ఆ కిటికీ ఇచ్చేయండి.
అద్దం మీద చెరో చినుకు ఎంచుకుని
ఏది ముందు కిందికి జారుతుందో పందెం కాయండి.
మా మామగారు ఎలాడియో ఆ పందెంలోనే
నా కొడుకు గోళీలన్నీ గెలుచుకుని
చచ్చేదాకా తిరిగివ్వలేదు.

దీపస్తంభం ఉంది. నూట పన్నెండు మెట్లు.
ఎక్కాక తెల్లదనం తప్ప మరేమీ కనబడదు.
అయినా వెళ్ళండి.
ఏమీ కనబడని చోటికి ఆయాసపడుతూ ఎక్కడం,
ఎవరూ జీతం కోయకుండా,
అదీ ఒక సెలవే కదా.

చర్చి వెనక సందులో డెల్ఫీనా లేసు అల్లుతుంది.
చెక్క కండెలు టకటకలాడుతుంటే
చూరు నీళ్ళ చప్పుడేదో, చేతుల చప్పుడేదో
పోల్చుకోలేరు.
కొనకపోయినా కూర్చోనిస్తుంది.
బేరమాడితే మాత్రం చెవుడొస్తుంది ఆవిడకి.

అప్పటికీ తెరిపివ్వకపోతే
రేవు పక్క పాత చేపల ఫ్యాక్టరీ.
ఇప్పుడది మ్యూజియం.
టికెట్టు మూడు యూరోలు, పిల్లలకి ఉచితం.

లోపలంతా నిమ్మకాయ వాసనట.
మా రోజుల్లో కవళ్ళ వాసన,
జుట్టుకీ, పెళ్ళిబట్టలకీ, పిల్లలు తాగే పాలకీ.
పడవలు రాగానే సైరన్ కూసేది.
అర్ధరాత్రో, జడివానో,
నెత్తిన గోనెపట్టా వేసుకుని పరుగు.
వాన రోజు ఏం చెయ్యాలని
మేమెవర్నీ అడగలేదు.

రెండో గదిలో మూతలు బిగించే యంత్రం ఉందట,
కొత్తగా ఆకుపచ్చ రంగేశారట.
"దయచేసి తాకకండి" అని బోర్డు కూడా.
నా ఎడమచేతి చూపుడువేలి కొస
ఆ బోర్డు చదవలేదు.
అప్పటికింకా పెట్టలేదు.

గోడ మీద ఫోటోలో నలభై ఒక్కమంది ఆడవాళ్ళు, తెల్లటోపీలు.
గైడు బ్రైస్ మంచి కుర్రాడే, ఊరికి కొత్త.
"పేర్లు దొరకలేదు, రిజిస్టర్లో నంబర్లే" అంటాడు.
అననివ్వండి పాపం, చదువుకుని చెబుతున్నాడు.
రెండో వరసలో ఎడమనుంచి మూడో మనిషి
కళ్ళు మూసుకుని నవ్వుతుంటుంది, చూడండి.
పక్కనున్న రెమెడియోస్
ఫోటోగ్రాఫరు ప్యాంటు గురించి ఏదో అంది.
అదిక్కడ చెప్పకూడదు, బాబున్నాడు.

ఇదంతా తడిసొచ్చిన అతిథులు
సూపు తాగుతూ చెప్పగా విన్నది.
నేను వెళ్ళలేదు.
మూడు యూరోలు లేక కాదు.
ఆ గుమ్మం నుంచి డబ్బు పుచ్చుకుని వచ్చాను గానీ
డబ్బిచ్చి ఎలా పోవాలో తెలీక.

*

సాయంత్రం ఆవిడ జుట్టు పిండుకుంటూ వచ్చింది.
ఏమీ అనలేదు.
సూపుగిన్నె జరిపి, నా ఎడమచేతి పక్కన
ఒక టికెట్టు పెట్టింది. చింపనిది.
"మూడో మనిషి," అంది.

కాఫీ డబ్బా వెనక దోపాను.
రేడియోలో రేపు ఎండంటున్నారు.
ఎండైతే పన్నెండు దుప్పట్లు ఆరెయ్యాలి,
తీరదు.
ఎల్లుండి మళ్ళీ ముసురు పడితే
అప్పుడు చూద్దాం.

మీ బూట్లు ఆరాయి.
పేపరు తీసి వేసుకోండి,
కిందటిసారి ఒకాయన
మంత్రిగారి మొహంతో సహా స్టేషన్ దాకా నడిచాడు.