రిమార్కుల గడి

తెల్లవారి నాలుగూ పది.
మూలాపేట వీధిలో ఇంకా కుక్కలు కూడా లేవలేదు.
కాలేషా తాత ఇనుప కమ్మీ ఒక కొన రోడ్డుకు ఆనించి
రెండో కొన చెవిలో పెట్టుకుని
ఊపిరి బిగబట్టాడు.
నన్నూ పీల్చొద్దన్నట్టు చెయ్యెత్తాడు.

నా చేతిలో ట్యాబు.
అందులో నీలం గీత
వీధికి ఎడమ పక్కన, స్కేలు పెట్టి గీసినంత తిన్నగా.
"ఆడ లేదు పాపా" అన్నాడు కళ్లు తెరవకుండానే.
"కాయితం మీద ఉంటే ఉండనీ. నేల్లో లేదు."

రిటైరై పదకొండేళ్లు. ఎడమ కంట్లో శుక్లం.
పాత నక్షాలు చెదలు తిన్నాయో, వానకు నానాయో,
అసలా బీరువా తాళం ఎవరి దగ్గరుందో
ఆఫీసులో అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.
ఊరి కింద ఉన్న ఊరు
ఇప్పుడీ ముసలాయన తలలో తప్ప ఎక్కడా లేదు.
అందుకే సచివాలయం నుంచి నన్ను పంపారు,
ఆటో ఖర్చులు నావే.

వదిలిన నీళ్లన్నీ ఇళ్లకు చేరవు.
ఆ తేడాకి మా ఫైళ్లలో ఒక పేరుంది: లెక్కకు రాని నీళ్లు.
చంద్రలీలగారి వంటింటి గోడకు ఆ లెక్క తెలుసు,
చెమ్మ ఆమె నడుమెత్తు దాకా ఎక్కింది.

"ఈడ తవ్వండి."
కుడి పక్కన. ఫ్లెక్సీల షాపు ముందు.
మూడడుగుల లోతున గునపం ఖంగుమంది.
"ఈడ చెంచమ్మ దోసెల కొట్టుండేదిలే.
తిన్నగా పోతే పొయ్యి లేచిపోతాది.
వీరాస్వామి మేస్త్రీ మూడు రోజులు ఆలోచించినాడు,
మూడు రోజులూ ఎర్రకారం దోసెలు తిన్నాడు,
డబ్బులియ్యలా.
నాలుగో రోజు రెండు వంపులు తెప్పించినాడు."

కోసిన ముక్క అరుగు మీద పెట్టారు.
బయట ఆరంగుళాలు.
లోపల తుప్పు గడ్డగడ్డలుగా పెరిగి
మిగిలిన దారి
రూపాయి బిళ్లంత.
నమ్మలేక పర్సులోంచి బిళ్ల తీసి అడ్డం పెట్టాను.
సరిపోయింది.

రమీజాకీ సులోచనకీ ఏడేళ్లుగా మాటల్లేవు.
నీళ్లు నువ్వు మోటారు పెట్టి గుంజావంటే నువ్వు గుంజావని.
ఇద్దరూ వచ్చారు. ఇద్దరూ వంగి ఆ బొక్కలోకి చూశారు.
ఎవరూ ఏమీ అనలేదు.
లేచేటప్పుడు ఒకరి భుజం ఒకరికి తగిలింది, అంతే.

కొత్తది నల్ల గొట్టం, నీలం చార.
కొసలు కాల్చి అంటిస్తారు;
సీసం కాగించే పని లేదు, జనపనార కూరే పని లేదు.
దోసెల కొట్టు దగ్గర వంపు ముక్క అడగకుండానే
తనంతట తను ఒంగింది.
తాత దాన్ని వేలితో కొట్టి చూశాడు.
మళ్లీ కొట్టాడు.
"ఇది గోల చెయ్యదు పాపా.
ఇనుమైతే కారితే ఏడ్చేది, చెవి పెడితే వినపడేది.
ఇది కారినా చెప్పదు."
కమ్మీని గోడకు చేరేశాడు.

మూడో రోజు చంద్రలీలగారి మేడమీదికి
మోటారు లేకుండానే నీళ్లెక్కాయి.
అదే రాత్రి కపాడిపాలెంలో పాత సిమెంటు గొట్టం పగిలింది.
వచ్చిన బలం కొత్తది, మొయ్యాల్సిన ఒళ్లు పాతది.
పన్నెండున్నరకు ఇంజనీరుగారి ఫోను,
ఒంటిగంటకు బురదలో నా చెప్పు ఒకటి పోయింది.
తాత అప్పటికే వచ్చి ఉన్నాడు.
కమ్మీతో.

తెల్లారాక సచివాలయం మెట్ల మీద కూర్చుని
ట్యాబులో గడులు నింపాను.
వ్యాసం. లోతు. రకం. వేసిన సంవత్సరం.
చివర్న రిమార్కులు, అరవై అక్షరాలే పడతాయి.
గొట్టం మాట్లాడదు గనక ఎవరో ఒకరు చెప్పి పోవాలి కదా అని
వంపు ఎందుకో రాశాను:
దోసెల కొట్టు, చెంచమ్మ, పొయ్యి,
మూడు రోజుల దోసెలు, ఇవ్వని డబ్బులు.
పట్టలేదు. ఎర్రగా మెరిసింది.
మళ్లీ చదివి
చెంచమ్మను ఉంచాను, పొయ్యిని ఉంచాను.
చోటు చాలక
మేస్త్రీ బాకీ కొట్టేశాను.