బుష్ అరిగిన చప్పుడు

ఉప్పుగాలికి ఈ ఊళ్లో ఏదీ ఎక్కువకాలం తిరగదు.
ముందు ఫ్యాను మూలుగుతుంది,
తర్వాత మిక్సీ,
ఆ తర్వాత వాటిని బాగుచేసేవాడి మోకాలు.

కంచరపాలెం మెట్టు దగ్గర పదడుగుల కొట్టు నాది.
అద్దె కట్టలేని ఓ నెలలో
డబ్బా మీద డబ్బా పేర్చి, పైన ఫోను నిలబెట్టి
"నా పేరు సన్యాసిరావు, ఇది ఆర్మేచరు" అన్నాను.
పదకొండుసార్లు చూశారని చూపించింది.
అందులో నాలుగు నేనే.

ఏడాదిపాటు అంకెల్నే తడిమాను,
జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు ముట్టుకున్నట్టు
నిమిషానికోసారి.
మొదటి మూడు సెకన్లలో అరవాలి మామా, అన్నాడు మేనల్లుడు.
అరిచాను.
నెలకి తొంభైతొమ్మిది కడితే రహస్యాలు చెబుతానన్నాను.
మిక్సీకి రహస్యమేముంటుంది?
ఆరుగురు కట్టారు.
ఒకాయన డబ్బులు వెనక్కి అడిగాడు.

ఆషాఢం, వాన, రాత్రి తొమ్మిది.
కోటవీధి హసీనా గారి మిక్సీ లైవులో విప్పాను.
కాయిలు కాలిందన్నాను, పెద్ద డాక్టరులా.
కొత్తది వేసి స్విచ్చి నొక్కితే
పాత చప్పుడే. గర్ర్‌మని. ఇంకాస్త వెటకారంగా.

నలభైమూడు మంది చూస్తున్నారు.
కరెంటు పోయిందని చెప్పేసి ఆపేయొచ్చు,
ఆ వానలో ఎవరైనా నమ్ముతారు.
వేలు దాకా వెళ్లింది.
"నాకు తెలీలేదండీ" అన్నాను.
కొట్టు పెట్టి పద్దెనిమిదేళ్లు,
ఆ మాట ఏ గిరాకీ దగ్గరా అని ఎరగను.

కాసేపు ఎవరూ ఏమీ రాయలేదు.
రేకుల మీద వాన ఒక్కటే.
తర్వాత ఒక వరస కనిపించింది:
"ఫోను దగ్గరెట్టు బాబూ, ఇనాలి."
గాజువాక దాలయ్య గారు,
షిప్‌యార్డులో ఫిట్టరుగా చేసి దిగిపోయిన మనిషి.
ఎడమ చెవి అక్కడే వదిలేశారట.
"కాయిలు కాదు. కింద బుష్ అరిగింది.
ఆ సప్పుడు ముప్పయ్యేళ్లు నన్ను నిద్దరోనివ్వలేదు."

చీపురుపల్లి గౌరీశ్వరి అందుకుంది:
బుష్ చుట్టూ ఉండే ఒత్తిని ముందు నూనెలో నానబెట్టండి,
మా కుట్టుమిషన్లకి అలాగే చేస్తాం.
హసీనా గారు కూడా అక్కడే ఉన్నారని అప్పుడు తెలిసింది.
"తొందర్లేదు బాబూ,
నా చట్నీ రేపైనా అవుద్ది."

చచ్చిన మిక్సీలోంచి బుష్ పీకి,
నానబెట్టి, బిగించి, నొక్కేసరికి పన్నెండున్నర.
తిరిగింది.
ముప్పయ్యొక్క మంది ఇంకా మేలుకునే ఉన్నారు.

మర్నాటి నుంచి నేను పడుకున్నా వాళ్లు పడుకోలేదు.
అరకులో ఎవరిదో ఫ్యాను ఆగితే
మధురవాడ కుర్రాడు జవాబు చెప్పాడు.
మొదట ఒళ్లు మండింది,
నా స్టూలు మీద ఇంకెవడో కూర్చుని
నా స్క్రూడ్రైవరు పట్టుకున్నట్టు.
పైగా నాకంటే బాగా చెప్పాడు.

ఆ తొంభైతొమ్మిది తీసేశాను.
బుష్‌లు, ఒత్తులు, బెల్టులు పొట్లాలు కట్టి పంపుతున్నాం,
ఏ పొట్లం మీద ఎవరి పేరు రాయాలో
చీటీ చూడకుండానే చేతికొస్తోంది.
అద్దె బాకీ ఇంకో రెండు నెలలుంది.
రెండో ఆదివారాలు కొట్టు ముందు జనం,
చంకలో పాడైన సామాన్లు.
వాటిల్లో కొన్ని బాగానే పనిచేస్తాయి.
ఊరికే తెస్తారు.

నిన్న మేనల్లుడు అడిగాడు,
ఎంతమంది ఉన్నారు మామా ఇప్పుడు?
చూడలేదురా.
ఎవరు రాలేదో అడుగు, చెబుతాను.

దాలయ్య గారు ఐదు రోజులుగా లేరు.
నాకంటే ముందు గౌరీశ్వరికి అనుమానమొచ్చింది,
మధురవాడ కుర్రాడు బండేసుకుని వెళ్లి చూసొచ్చాడు.
కంటి ఆపరేషనట. కట్టు కట్టారట.
ఫోను చూడొద్దన్నారట.

వినొచ్చు కదా, అన్నారు హసీనా గారు.

ఈ రాత్రి లైవులో నేనేమీ మాట్లాడలేదు.
కొత్త బుష్ వేసిన మిక్సీని ఫోను పక్కన పెట్టి
ఖాళీ జారుతో
అలా తిప్పుతూ కూర్చున్నాను.