పొనికి కిరీటం

హమ్రియాల రెండో నంబర్ గోదాము.
ఈ పొద్దు కంటైనర్ల డ్రాగన్ తోలు ఒచ్చింది.
నవ్వకు. డబ్బా మీద అట్లనే రాసున్నది.
రెక్కలిప్పిన బొమ్మ, నోట్లె మంట,
కింద సన్నగ: నలభై చుట్టలు, తడి తగలనీయొద్దు.

నిరుడు ఒచ్చినదాని పేరు ఫీనిక్స్ ఇసుక.
అంతకుముందు ఎల్ఫ్ దారం.
ఎల్ఫ్ అంటే ఎవరని అడిగితే
సేఫ్టీ చూసే మలబారీ సాబు
తన చెవుల కొసలు పైకి గుంజి చూపిచ్చిండు.
ఆ దారం ఏనుగును లేపుతదట.
మేము లేపింది ఏసీ డబ్బాలనే.

డ్రాగన్ తోలు అసలుకు ఒక తెల్ల దుప్పటి.
దాంట్ల గాలే ఎక్కువట, సరుకు తక్కువ.
సూటేసుకొని దుబాయి నుంచి ఒచ్చినాయన
దుప్పటి కింద మంట పెట్టి
మీద గులాబి పువ్వు పెట్టిండు.
పువ్వు వాడలే.
చప్పట్లు కొట్టినం. జహీరుల్ ఈల ఏసిండు.
దాంట్ల ఏం కలుపుతరు సార్ అంటే
కంపెనీ గుట్టు అన్నడు, నవ్వుకుంట.
ఏడు సముద్రాల అవతల చిలకల పానం దాచినట్టు
పేరు మా చేతులల్ల, సూత్రం ఇంకెక్కడనో.
ఆ పువ్వు బల్ల మీదనే ఉండిపోయింది.
మాపటికల్లా ఉత్త గాలికే వాడింది.

ఆవిరి గొట్టాలకు చుట్టేది మేమే.
కోస్తే పిండి లేస్తది.
చేతులల్ల ఉన్న తడంత తాగేస్తది,
బకెట్ నీళ్లల్ల ముంచినా
వేళ్లు సున్నం రాసినట్టే ఉంటయి.
గొట్టం వేడి గొట్టంలనే ఉంటది, అది నిజం.
బయట నలభై ఎనిమిది. అది మా పాలు.

మా నాయిన చిందు భాగోతం ఆడేటోడు,
ఆర్మూరు సుట్టుపక్కల ఊర్లల్ల.
రాచవేషం. కిరీటం పొనికి కట్టెది,
మీద అర్దళం పూత, అద్దం బిళ్లలు.
వజ్రాల కిరీటమని దరువెత్తుకుంటే
ముందల కూసున్న పోరలకు సుత
పెచ్చులూడిన కట్టె కనబడేది.
కనబడ్డా వజ్రమే, తెల్లారేదాక.
తెల్లారినంక దాన్ని నా నెత్తిన పెట్టి
గటక తాగేటోడు.
నా మెడకు బరువే తెల్వకపోయేది.

పేర్లు పెట్టుడు తప్పని నేనెట్లంటా?
మూడు తరాలు మేము పేర్ల మీదనే బతికినం.
కాని నాయిన పొద్దుగాల మొకం కడుక్కునేటోడు.

రాత్రి క్యాంపుల, కింది మంచం మీద
జహీరుల్ ఫోన్ల వాళ్ల పిలగాడు.
డబ్బా మీది బొమ్మ కత్తిరించి
ఫోటో పంపిండట పొద్దున.
అది కరుస్తదా అబ్బా, అని అడుగుతున్నడట.
ఏం చెప్పాలె అన్నట్టు నా దిక్కు చూసిండు.
చెప్పు, అన్న.
దినాం నలభై డ్రాగన్ల తోలు ఒలుస్తున్నమని చెప్పు.
చెప్పిండు.
అటు దిక్కు చప్పుడు లేదు,
నమ్మినట్టున్నడు.
జహీరుల్ ఫోను చెవికి పెట్టుకొని
మోచెయ్యి గోక్కుంటనే ఉన్నడు.