పండుమిర్చి పరీక్ష

పెరంబూరులో మా డాబా మీద
పదకొండు రంగు డబ్బాలు.
ఏ డబ్బాలో ఏ రంగు ఉండేదో
మూత మీద చదివితే తప్ప నాకు తెలీదు.
ఇప్పుడు వాటిల్లో మట్టీ, పేడా, కొబ్బరి పొట్టూ,
డబ్బాకొక మిరప మొక్క.

పందొమ్మిదేళ్ళప్పుడు రైల్వే ఆస్పత్రిలో
చుక్కల పుస్తకం తెరిచి
ఇందులో అంకె ఎంత అన్నాడు డాక్టరు.
నాకు చుక్కలే కనిపించాయి.
పేజీ తిప్పాడు. మళ్ళీ చుక్కలే.
మా నాన్న నడిపిన ఇంజను
నేను నడపలేనని ఆ పూట తేలిపోయింది.
ముప్పై నాలుగేళ్ళు పార్సిల్ ఆఫీసులో
మూటల బరువు రాసి బతికాను.
చేత్తో ఎత్తి ఇంత అని నేనంటే
కాటా కూడా అంతే అనేది.

మిరప చెట్టు దగ్గర సిగ్నలు తారుమారు.
పచ్చగా ఉంటే ఆగాలి,
ఎర్రబడితే కదలాలి.
నాకు రెండూ ఒకటే,
తడిసిన గోనె రంగు.

అందుకని కింద వాటా యాళినిని పిలిచేవాణ్ణి.
మూడో క్లాసు.
బడి సంచీ దించకుండానే మెట్లెక్కి వచ్చి
నడుం మీద చేతులు పెట్టుకుని
ప్రతి డబ్బా దగ్గరా ఆగి
"ఇంకా పచ్చే తాతా, ఇది సగం, ఇది ఎరుపు" అని
గార్డులా చెయ్యి ఊపేది.
జీతం రోజుకో కమర్‌కట్టు.

పిల్ల సెలవులకి తిరునెల్వేలి వెళ్ళింది.
కత్తిరి ఎండ దిగింది. పూత రాలింది.
లారీ నీళ్ళలో బియ్యం కడుగు కలిపి పోశాను.
ఆకు ముడుచుకుంటే పుల్ల మజ్జిగ చల్లాను.
నిలిచిన కాయల సంగతి ఎవర్నడగను?
చేతినే అడిగాను.

పచ్చికాయ బిగుసుకుని ఉంటుంది,
కొత్తగా చేరిన పోర్టరు భుజంలా.
పండింది ఒక్క రవ్వ సడలుతుంది.
తొడిమ పైకి వంచితే
పచ్చిది కొమ్మనంతా వెంట లాగుతుంది,
పండింది టిక్కుమని
చేతిలోకి వచ్చేస్తుంది.
గోటితో గీరితే పచ్చిది గడ్డి కోసిన వాసన.
పండింది ఎండలో మరిచిపోయిన బెల్లం మూట,
ఆ వెనకాలే ఘాటు.
అదే గోటితో ఒకరోజు కన్ను నలుపుకున్నాను.
పనికిరాదని రాసిచ్చిన కన్నే,
ఎంచక్కా మండింది.

ఇంకా అనుమానముంటే పిగిలిపిట్ట ఉంది.
దానికి కారం తెలీదు, పండు తెలుసు.
అది పొడిచిన కాయ దానిది,
పక్క కాయ రేపటికి నాది.

యాళిని తిరిగొచ్చేసరికి పదో డబ్బాలో కాపు.
నాగర్‌కోయిల్ జేవియర్ గార్డు
ప్లాట్‌ఫారం టికెట్లో చుట్టి ఇచ్చిన
ఆరు గింజల్లో మొలిచింది అదొక్కటే.
"కోయకు తాతా, ఎర్రబడలేదు!"
అప్పటికే నాలుగు కోసి తులసికి ఇచ్చేశాను.
మిగిలినవాటికి పిల్ల కాపలా కూచుంది.
వారం. పది రోజులు.
కాయలు ముడతలు పడ్డాయి.
ఒకటి దానంతటదే రాలింది.
అప్పుడు ఒప్పుకుంది, కాస్త చిన్నబోయి,
"ఇది పసుపుగానే పండే రకం తాతా."

తులసి ఉప్పూ చింతపండూ వేసి దంచుతూ
రోకలి ఆపకుండానే అంది:
మిరపకి మనం పెట్టుకున్న పేర్లు చూడు,
పచ్చి. పండు. ఎండు.
ఒక్కదాంట్లోనూ రంగు లేదు.

ఆ పేర్లు పెట్టినవాడెవడో,
వాడికీ చుక్కల పుస్తకంలో
అంకె కనపడి ఉండదు.

నిన్నటి నుంచీ యాళిని
కళ్ళు గట్టిగా మూసుకుని తొడిమలు వంచుతోంది.
రెండు పచ్చివి తెంపేసింది.
పోనీలే,
పప్పులోకి పనికొస్తాయి.