రెండో గుర్తు

మామునూరు కాలేజీల సీటు కావాలంటే
ముందుగాల పశువులల్ల తిరగాలె, చెయ్యి తిరగాలె
అన్నది హాస్టల్‌ల పైమంచం అక్క, భాగ్యరేఖ.
ఎన్ని దినాలో చెప్పలే.
రెండొందల గంటలని నేనే అనుకొని
నోటుబుక్కుకు అట్ట ఏసుకున్న.

నెక్కొండ పశువుల దవాఖాన తాళం
ఏడున్నరకు తీసేది ఓదెలు సారు.
సారంటే డాక్టర్ కాదు,
ముప్పై ఏండ్ల సంది సూదులు ఉడకబెట్టిన మనిషి.
"ఏం రాస్తవో రాస్కో బిడ్డా" అనుకుంటనే
నా చేతికి తాడిచ్చి బర్రె కాడికి తోలిండు.
తాడు పట్టినోళ్ళకు పెన్ను పట్టరాదు.

రాత్రికి ఇంట్ల కూసొని రాసిన:
సోమవారం, మూడు గంటలు. గాలికుంటు టీకాలు, నూట పన్నెండు.
బుధవారం, గంటన్నర. కోడె చెవికి పసుపు బిళ్ళ.
అది తల ఇదిలిస్తే నా చెప్పు మోరీల పడ్డది.
శనివారం, ఐదు గంటలు. మాయ పడని బర్రె.
పొద్దూకినంక పడ్డది.
ఆ వాసన మూడు సబ్బులకు పోలే,
అవ్వ కంచం దూరం జరిపి అన్నం పెట్టింది.

రాయనిది ఒకటుంది.
ఆగస్టుల ముసురు పట్టిన పూట
సారక్క మేకపిల్లకు నట్టల మందు పోసిన.
సారు అవతల లేగ కాలుకు కట్టు కడుతుండు.
నాకొచ్చులే అనుకున్న.
తల మీదికెత్తి పట్టి
సీసా మూతి నోట్లె పెట్టి గుమ్మరిచ్చిన.
పిల్ల దగ్గింది.
చిన్న దగ్గు,
తలుపవతల ఎవరో గొంతు సవరించుకున్నంత.

మూడో నాడు సారక్క గోనెసంచి తెచ్చి
అరుగు మీద మెల్లగ దించింది.
ముక్కు కాడ నురుగు ఎండి ఉంది.
"తల ఎంత ఎత్తినవ్?" అన్నడు సారు.
చేతితోటి చూపిచ్చిన.
చూపిస్తుంటెనే తెలిసింది,
మందు కడుపులకు పోలే, ఊపిరిలకు పోయింది.

నోటుబుక్కుల ఆ పేజీకి
తారీఖు ఒక్కటే ఉంది.

పదకొండు దినాలు దవాఖాన మొఖం చూడలే.
జంతుశాస్త్రం పుస్తకంల ఊపిరితిత్తుల బొమ్మ వస్తే
రెండు పేజీలు కలిపి తిప్పిన.

పన్నెండో నాడు పొద్దుగాల
సారక్కే మా ఇంటి ముంగట నిలబడ్డది,
సంకల ఇంకో పిల్ల.
"నట్టల మందు పొయ్యాలె, నడువు."
సారు పోస్తడు కద అన్న.
"సారు మార్చిల దిగిపోతడు,
ఎనుక నా మేకలకు ఎవ్వలు పోస్తరు?
పోయిన పిల్ల ఎట్లయిన పోయె.
నువ్వు నేర్వకపోతె అది ఉత్తగనే పోయినట్టు."

మూతిని నేలకు సరిగ్గ పట్టిన, మీదికి ఎత్తలే.
దవడ పక్క నుంచి వేలు పెట్టి నాలుక కదిలిచ్చిన.
జరంత పోసి,
మింగెదాక ఆగి,
మళ్ళ జరంత.
అది మింగినప్పుడల్ల నేను గూడ మింగిన.
గడియారం చూడలే.
ఆఖరు చుక్కకు వేలు ఇంకా లోపటికి పోయి
దవడ పళ్ళ నడుమ కసుక్కుమన్నది.
సారక్క నవ్వుకుంట కొంగు చింపి కట్టింది.
లెక్క సరిపాయె అనుకున్న.
సరిపోలే అని గూడ నేనే అనుకున్న.

మొన్న మీసేవల ఫారం నింపినం.
కంప్యూటర్ కాడి పిలగాడు తల ఎత్తకుంట అడుగుతుండు:
ర్యాంకు. కులం సర్టిఫికెట్ నంబరు.
ఏ ఊర్లె ఏ తరగతి.
నోటుబుక్కు నా సంచిలనే ఉంది,
నూట తొంభై నాలుగు గంటలు.
దానికి గడి లేదు.

"పుట్టుమచ్చలు రెండు చెప్పు అక్కా."
మెడ మీద ఒకటి. అది పుట్టుకతోటి వచ్చింది,
దాంట్ల నా కష్టమేం లేదు.
రెండోది దొరకక
ఎడమ చూపుడువేలు చూపిచ్చిన.
"ఏందిది, కత్తిపీట తెగిందా?"
మేక, అన్న.
వాడు అప్పుడు తల ఎత్తిండు.
నవ్వుకుంట కొట్టిండు:
ఎడమ చూపుడువేలు మీద గాటు.

గడిల ఇంకా
జాగ మిగిలే ఉంది.